మూడు పొద్దులు బాకీ

ఆరిలోవ కమ్యూనిటీ హాల్లో
పదకొండు ప్లాస్టిక్ కుర్చీలు.
ఒకదాని కాలు చీలింది, దాన్ని గోడకి జారేసి
మిగతా పదీ గుండ్రంగా వేస్తాను ప్రతి బుధవారం.
కిటికీలోంచి సెంట్రల్ జైలు గోడ కనిపిస్తుంది.
ఆ కిటికీకి ఎదురుగా మాత్రం
ఏ పిల్లాణ్ణీ కూర్చోబెట్టను.

ఇరవై రెండేళ్ళు కోర్టులో గుమస్తాను.
ముద్దాయి, ముద్దాయి, ముద్దాయి –
నా చేతిరాతలో బాగా కుదిరిన మాట అదొక్కటే.
మీసం రాని వాళ్ళని కూడా
ఆ మాటలో ఇమిడేలా మడతపెట్టి
ట్యాగు కట్టి బీరువాలో పెట్టాను.
ఇక్కడ కాగితం లేదు.
కుర్చీలే.

ఈ వారం ఎల్లాజీ. పదహారేళ్ళు.
తాత పేరని సిగ్గు, బయట జై అని చెప్పుకుంటాడు.
పోలయ్యగారి ఆటో బ్యాటరీ ఊడబీకి
ముడసర్లోవ రోడ్డులో పాతసామాన్ల కొట్టుకి
ఎనిమిది వందలకి ఇచ్చేశాడు.
స్టేషన్ నుంచి తీసుకొచ్చిన రోజారమణి
టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.
ఎంవీపీ కాలనీలో నాలుగిళ్ళ అంట్లు తోమొచ్చిన నూకాలు
తడి ఆరని చేతులు కొంగులో దాచుకుంది.
వాళ్ళాయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.
స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని పోయినప్పట్నుంచీ
ఆయన ఏ గుమ్మమూ పూర్తిగా దాటడని
తర్వాత తెలిసింది.

"పొద్దున్న ఏటి తిన్నావు?"
నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే.
"తినలేదండి."
పోలయ్యగారు లేచి, ఎదురు బడ్డీ నుంచి
రెండు బజ్జీలు తెచ్చి ఒకటి వాడికిచ్చారు.
కోపం తగ్గి కాదు.
ఒక్కడే తినడం ఆయనకి అలవాటు లేదు.

"ఎందుకు తీసినావురా?"
వాడు నేలతో చెప్పాడు:
"నన్నెవులూ సూడరనుకున్నాను."

ఆ మాట కుర్చీల మధ్య తిరిగింది.
మొదటి అర్థం రోజారమణి దగ్గర ఆగింది.
రెండోది గుమ్మం దాకా వెళ్ళి
అక్కడ నిలబడ్డ మనిషి తల వంచింది.

పోలయ్యగారు గొంతు సవరించుకున్నారు.
"డబ్బులొద్దు. అప్పు సేసి కొత్తది కొన్నాను.
మూడు పొద్దులు నా బండి లెగలేదు.
బడి పిల్లలారుగురు, నాకోసం రోడ్డు మీద నిలబడిపోయినారు.
అందులో ఒక గుంట రోజూ జామకాయ తెచ్చేది నాకు.
ఇప్పుడు ఇంకో ఆటో ఎక్కుతంది.
నా మూడు పొద్దులూ నాకిచ్చీరా."

పొద్దుల్ని ఎలా తిరిగివ్వాలో
నేను రాసిన ఏ సెక్షన్లోనూ లేదు.
చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.
కరెంటు పోయింది. వచ్చింది.
నూకాలే అంది మెల్లగా:
"ఆడు అయిదింటికే లెగుస్తాడు బాబూ,
లేపీవోళ్ళుంటే."

అలా తేలింది లెక్క.
నెల్లాళ్ళు అయిదింటికి బండి కడగాలి,
పిల్లల సంచులు వెనక కట్టాలి,
జామకాయ పిల్ల ఇంటికెళ్ళి
ఆ మూడు రోజులూ బండి ఎందుకు రాలేదో
వాడి నోటితో వాడే చెప్పాలి.
అన్నిటికీ తలూపినవాడు
చివరిదానికి ఏడ్చాడు.

అన్ని బుధవారాలూ ఇలా ఉండవు.
నిరుడు శ్రావణంలో ఒకడి కోసం
కుర్చీ మూడుసార్లు ఖాళీగా ఎదురుచూసింది.
వాడికిప్పుడు పద్దెనిమిది దాటాయి.
అందుకే ఆ కిటికీకి ఎదురుగా
నేను కూర్చుంటాను.

నాలుగో బుధవారం తాళం తీసేసరికి
ఎల్లాజీ అరుగు మీద ఉన్నాడు,
మోచేతుల దాకా గ్రీజు.
నేను గుమ్మం ఊడ్చి లోపలికొచ్చేలోగా
గుండ్రం వాడే వేశాడు.
లెక్కపెట్టాను. పదకొండు.

చీలిన కాలికి తీగ చుట్టాడు
వరసగా, ఒత్తుగా, ఒక్క పోగు తప్పకుండా.
రాగి. కొత్తది. మెరుస్తోంది.
ఎక్కడిదిరా అన్న మాట
గొంతు దాకా వచ్చింది –
ఇరవై రెండేళ్ళ అలవాటు.

వాడు నన్నే చూస్తున్నాడు.

వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను.
ఊగలేదు.